చిక్కులెక్కకు తోడు

చిక్కులెక్కకు సమాధానము దొరకినంతమాత్రమున పని ముగియదు. ఆ సమాధానము తప్ప వేరొకటి ఉండుటకు వీలులేదని చూపినప్పుడే లెక్క తేలినట్లు. ఈ భేదమును బాలురకు బోధించుటకు అమలాపురము, రాజోలు, కొత్తపేట బడులలోని ఉపాధ్యాయులకు స్నూకరు ఆట మంచి సాధనము కాగలదు.

ఈ ఆట మనదేశముననే పుట్టినది. 1875లో జబల్పూరునందలి ఆంగ్ల సైనికాధికారులలో నెవిల్ ఛేంబర్లేన్ అను యువకుడు దీనిని కల్పించెనని ప్రతీతి. పిమ్మట బ్రిటను ప్రధానియైన ఛేంబర్లేన్ వేరు. బల్లమీద ఎఱ్ఱబంతులు 15, రంగుబంతులు 6, కర్రతో కొట్టెడు తెల్లబంతి 1. ఎఱ్ఱబంతి సంచిలో పడిన 1 పాయింటు. దాని వెనుక ఒక రంగుబంతిని పడవేయవలెను. పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ 4, నీలము 5, గులాబి 6, నలుపు 7. ఎఱ్ఱబంతులు మిగిలియున్నంతకాలము, పడిన రంగుబంతి మరల బల్లమీదికి వచ్చును.

ఇట్టి నియమములపై చిక్కులెక్కలు కట్టి, దూరదేశములనుండి పరస్పరము పంపుకొని సాధించు ఔత్సాహికులు నేడు కలరు. మచ్చునకు ఒకటి: ఒక ఆటగాడు మూడు ఎఱ్ఱబంతులను, ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క రంగుబంతిని పడవేసి 16 పాయింట్లు గడించెను. మూడు రంగులును వేర్వేరు. పసుపు పడలేదు. ఆ రంగులేవి?

ఎఱ్ఱబంతులకు 3 పోగా మిగిలినవి 13. పసుపు లేదు కనుక, మూడు వేర్వేరు రంగుల కనిష్ఠ మొత్తము 3, 4, 5 కలిసి 12. ఇంకొక్కటి కావలెను. 3ను 4 చేసిన గోధుమ రెండుమారులు వచ్చును. 4ను 5 చేసిన నీలము రెండుమారులు వచ్చును. 5ను 6 చేయుటయే మిగిలిన దారి. కావున ఆకుపచ్చ, గోధుమ, గులాబి.

ఒంటరిగా కూర్చున్నవాడు ఈ మూడు పేర్లు వ్రాసి తృప్తిపడవచ్చును. “వేరొకటి ఏల కారాదు?” అని తోడివాడు అడిగినప్పుడే తర్కము వెలికివచ్చును. పసుపు పడలేదన్న మాట తీసివేసిన సమాధానములు మూడగును. రంగులు వేర్వేరన్న మాట తీసివేసిన నాలుగగును. లెక్క కట్టినవాని పొరపాటును పట్టుకొనువాడును ఆ తోడివాడే.

తెలుగువారికి ఈ గోష్ఠి కొత్తది కాదు. కోనసీమకు పొరుగుననున్న కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కూడి అవధానసభలను ఏలెను. అవధానమున నిషిద్ధాక్షరి యను అంశము కలదు. కవి ఒక్కొక్క అక్షరము చెప్పుచుండగా, తరువాత రాగూడని అక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. అచట నిషేధము కవి దారిని కట్టివేయును. ఇచట అదే దారి చూపును. రెంటను అడుగువాడు లేనిదే ఆట లేదు.

తరగతికి పండ్రెండడుగుల స్నూకరు బల్ల అక్కరలేదు. నల్లబల్లయు సుద్దముక్కయు చాలును. సగము తరగతి సమాధానము చెప్పవలెను. తక్కిన సగము దానిని పడగొట్టజూడవలెను. ఆరంభమునకు ఇది చాలును: నాలుగు ఎఱ్ఱబంతులు, వాని వెనుక నాలుగు వేర్వేరు రంగులు, మొత్తము 22, నలుపు పడలేదు. పడిన బంతులకంటె పడని బంతులను లెక్కించిన త్వరగా తేలును.