నైట్ డ్యూటీ చేసే మొక్కలు

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనం సామాన్లు సర్దుకుని ఇంకో ఊరు వెళ్తాం. మొక్కకు బదిలీ లేదు. నీళ్లు లేని చోట మొలిస్తే అక్కడే బతకాలి. ఊరు మార్చలేని కొన్ని మొక్కలు డ్యూటీ వేళలు మార్చుకుంటాయి.

ఆకుల మీద కంటికి కనిపించనంత చిన్న పత్రరంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తేనే కిరణజన్య సంయోగక్రియ జరిగి ఆహారం తయారవుతుంది. కానీ అవి తెరుచుకున్నప్పుడు లోపలి నీరు ఆవిరై పోతుంది. మండుటెండలో తెరిస్తే దాహం, మూస్తే ఆకలి!

ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ చుట్టుపక్కల ఎర్రమట్టి వేసవిలో ఎండిపోవడం మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం ప్రాంతంలో వానలు ఇంకా తక్కువ. అలాంటి నేలలో పెరిగే నాగజెముడు చల్లని రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. పగలు రంధ్రాలు మూసి, ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తీసి, సూర్యకాంతితో చక్కెర తయారు చేసుకుంటుంది. దీన్ని ‘క్యామ్’ పద్ధతి అంటారు. రాత్రి దాచుకున్నంత వరకే పగలు వంట. అందుకే ఇలాంటి మొక్కలు చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి.

ఈ పద్ధతి జాడ ఒకప్పుడు నాలుకకు దొరికింది. హౌరా–చెన్నై రైలు మార్గంలో వచ్చే సామర్లకోటలో ఈస్ట్ ఇండియా కంపెనీ వారి వృక్షశాస్త్ర తోట ఉండేది. దాని బాధ్యత చూసిన బెంజమిన్ హైన్ రణపాల ఆకులు రుచి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం కాస్త చేదుగా ఉన్నాయని రాశాడు. ఆ లేఖ 1815లో అచ్చయింది. రాత్రి చేరిన ఆమ్లం పగలు ఖర్చవడమే ఈ మార్పుకు కారణం.

మనం పప్పులో వేసుకునే గంగవాయిల కూర ఇంకా గడుసుది. నీళ్లుంటే పగటి డ్యూటీయే. కరువొస్తే క్యామ్ పద్ధతిలోకి మారుతుంది. మళ్లీ నీళ్లు అందగానే పాత పద్ధతికి వచ్చేస్తుంది.

రణపాలను ఇక్కడ బెంగాలీలో ‘పాథర్‌కుచి’ అంటారు. ఒకే మొక్క నుంచి తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు కోసి, నలిపి, పీహెచ్ కాగితం తాకించి చూడండి. పొద్దుటి ఆకుకు అంకె తక్కువ రావాలి. నోట్లో మాత్రం పెట్టుకోకండి. ఆ ఆకులో విషపదార్థాలు ఉంటాయి.