తలక్రిందులుగా వ్రేలాడు టమాటా

పెరడు లేని ఇంటిలో కూరగాయలు పండించుట ఎట్లు అని గృహిణులు తరచు నన్ను అడుగుచుందురు. వారి ఆరాటము న్యాయమైనదే. నిత్యము వంటలో వాడు టమాటాపై ఏ మందు ఎప్పుడు చల్లినారో కొనువారికి తెలియదు. బాల్కనీలో కుండీలు పరచినచో నడచుటకు చోటుండదు. అట్టివారికి బకెట్టు అడుగున రంధ్రము చేసి మొక్కను తలక్రిందులుగా వ్రేలాడదీయు పద్ధతి అక్కరకు వచ్చును. 2000 తరువాత అమెరికాలో టెలివిజను ప్రకటనల ద్వారా ఇది ప్రచారములోనికి వచ్చినది. మా బాల్కనీలో నేనును ఇట్లే పెంచుచున్నాను.

టమాటా మన ప్రాచీన గ్రంథములలోనిది కాదు; అమెరికా ఖండమునుండి ఐరోపావారి ద్వారా మనకు చేరినది. కావున చరక సుశ్రుతుల పేరిట దానికి గుణములు అంటగట్టుట నాకు సమ్మతము కాదు. దాని ఎరుపునకు కారణమైన లైకోపీన్ అను పదార్థము, నూనెతో వండినప్పుడు శరీరమునకు బాగుగా అందును. ఈ విషయమున పచ్చిముక్కలకంటె మన టమాటా పచ్చడియే మేలు.

పది, పన్నెండు లీటర్ల గట్టి బకెట్టు తీసుకొనవలెను. రంగులు, రసాయనములు ఉంచిన డబ్బాలు పనికిరావు. అడుగున రెండంగుళముల రంధ్రము చేసి, బకెట్టును రెండు స్టూళ్ళ నడుమ నిలిపి, నెలనాటి నారుమొక్క వేళ్ళను తడి కాగితములో చుట్టి క్రిందినుండి లోనికి జొనుపవలెను. కాడ చుట్టు చీల్చిన గోనెగుడ్డ ముక్క అమర్చినచో మట్టి జారదు. మట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమభాగములుగా కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి నింపవలెను. చిన్న కాయలు కాయు చెర్రీ టమాటా రకము దీనికి శ్రేష్ఠము. రోజుకు ఆరు గంటల ఎండ రాని బాల్కనీలో ఈ ప్రయత్నమే వలదు.

మొక్కను క్రిందికి వ్రేలాడదీసినను దాని బుద్ధి పైకే. కాడ వంగి వెలుతురు వైపునకు లేచును. బలవంతముగా దించినచో విరుగును. కాయల బరువునకు అదియే దిగివచ్చును. కఱ్ఱల ఊతము అక్కరలేదు, కాయ మట్టికి తగలదు, క్రొత్త మట్టి వాడుదుము గనుక నేలనుండి సోకు వడలు తెగులు భయము తక్కువ. దిగుబడి రెట్టింపగునను ప్రకటనలను మాత్రము నేను నమ్మను. బకెట్టులో వేళ్ళకు దొరకు చోటు ఎంత?

అసలు పరీక్ష నీటి విషయముననే. గాలి నలువైపుల తగులుటచే మట్టి త్వరగా ఆరును. వేసవిలో ఉదయ సాయంకాలములు రెండు పూటలను పోయవలెను. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచెత్తినచో కాయ అడుగున నల్లని మచ్చ ఏర్పడును. అది తెగులు కాదు. నీటి హెచ్చుతగ్గులచే కాల్షియం కాయకు అందకపోవుటయే కారణము. దానికి మందు చల్లుట వృథా. బకెట్టు పైభాగమున మెంతులు చల్లినచో మట్టికి నీడ, మనకు కూర. పగటి వేడి 35 డిగ్రీలు దాటినచో పూత రాలును గనుక, మన ప్రాంతమున ఆశ్వయుజ కార్తికములలో నాటుట మంచిది. తెల్లదోమ వలన ఆకుముడత వచ్చును. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను. ముడుచుకొనిపోయిన మొక్కను పెరికివేయుటయే ఉత్తమము.

తడిసిన బకెట్టు పది కిలోలకు పైబడి తూగును. బట్టల తీగకు కాక, స్లాబులో దిగిన ఇనుప కొక్కెమునకే కట్టవలెను. దాని క్రింద పిల్లలను ఆడనీయరాదు. కారు నీటికి పళ్ళెము పెట్టువారు దానిని ప్రతిదినము పారబోసి, తోమి బోర్లించవలెను. డెంగ్యూ దోమ నిలువనీటిలోనే గ్రుడ్లుపెట్టి, వారము పది దినములలో రెక్కలు తొడిగి లేచును.