480 పేర్ల బ్యాలెట్, ఒక జర్మన్ మంత్రి

నల్లగొండ పట్నాన్ని ఆనుకొని ఉన్న పానగల్‌లో ఉదయసముద్రం చెరువు కందూరు చోడుల నాటిది. వాన నీటిని నమ్ముకొని కట్టిన ఆ చెరువులోకి ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నాగార్జునసాగర్ ముంపు నీటిని పుట్టంగండి దగ్గర పైకి ఎత్తి, అక్కంపల్లి మీదుగా కాలువల్లో ఇక్కడిదాకా నడిపిస్తున్నారు. ఆ వాన చెరువుకూ ఈ ఎత్తిపోతలకూ నడుమ ఈ జిల్లా బోరు నీళ్ల మీద బతికిన కాలం ఒకటుంది. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీళ్లలో చేరుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే అది తాగడానికి పనికిరాదని లెక్క. దాటిన నీళ్లనే ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వ్యాసం వచ్చింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా నల్లగొండ పద్ధతే. అంటే జబ్బు తెలుసు, కారణం తెలుసు, విరుగుడు దారి కూడా కొంత తెలుసు. తెలిసినా దశాబ్దాలు గడిచిపోయాయంటే, లోటు విజ్ఞానంలో లేదు. ఆ తెలిసిన సంగతిని ప్రభుత్వం చేసే పనిగా మార్చగల మనిషి మంత్రివర్గం బల్ల దగ్గర లేకపోవడమే లోటు.

అలాంటి మనిషిని పంపే ప్రయత్నం ఈ జిల్లాలో జరగలేదని ఎవరూ అనలేరు. బ్యాంకు ఉద్యోగం వదులుకొని వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఊళ్ల గోడు వినిపించింది, కృష్ణ నీళ్లు కావాలని అడిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమం తన చేతికి అందిన ఒకే ఒక ఆయుధాన్ని వాడింది. వందల మంది చేత స్వతంత్రులుగా నామినేషన్లు వేయించింది. నల్లగొండ స్థానంలో చివరికి 480 మంది అభ్యర్థులు మిగిలారు. దేశమంతా ఈ జిల్లా వైపు చూసింది. గెలిచింది మాత్రం సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. నీళ్ల కోసం నిలబడ్డవాళ్లకు డిపాజిట్లు కూడా దక్కలేదు. అదే ఏడు పార్లమెంటు ఎన్నికల చట్టాన్ని సవరించింది. లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్రుడిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలన్న నిబంధన వచ్చింది. ఆ డిపాజిట్ ఇప్పుడు 25,000. ఇంత మంది ఎందుకు నిలబడాల్సి వచ్చిందన్న ప్రశ్న పక్కకుపోయింది, ఇంత మంది నిలబడకుండా ఎలా చూడాలన్న ప్రశ్నకే జవాబు దొరికింది.

ఇదే కాలంలో జర్మనీలో పర్యావరణ ఉద్యమం నుంచి వచ్చిన ఒక మనిషి నడిచిన దారి చూస్తే ఈ తేడా లోతు తెలుస్తుంది. యుర్గెన్ ట్రిట్టిన్ 1954లో పుట్టారు. లోయర్ సాక్సనీ రాష్ట్ర శాసనసభకు గ్రీన్ పార్టీ తరఫున 1985లో వెళ్లారు. 1990లో ఆ రాష్ట్రంలో గెర్హార్డ్ ష్రోడర్ ప్రభుత్వం ఏర్పడడానికి గ్రీన్ల మద్దతు అవసరమైంది, ట్రిట్టిన్ రాష్ట్ర మంత్రి అయ్యారు. నాలుగేళ్ల తర్వాత ష్రోడర్ పార్టీకి సొంత మెజారిటీ వచ్చి గ్రీన్లు బయటికి వచ్చేశారు. 1998లో ష్రోడర్ దేశానికి చాన్సలర్ అయినప్పుడు మళ్లీ వాళ్లే కావాల్సి వచ్చారు. ఈసారి ట్రిట్టిన్ కేంద్ర పర్యావరణ మంత్రి, 2005 దాకా ఏడేళ్లూ ఆయనే. అణు విద్యుత్ కేంద్రాలను క్రమంగా మూసేయాలన్న ఒప్పందం కంపెనీలతో 2000లో కుదిరింది, 2002లో చట్టమైంది. గాలి నుంచి, ఎండ నుంచి తీసిన కరెంటును గ్రిడ్ తప్పనిసరిగా కొనాలన్న చట్టం కూడా 2000లోనే వచ్చింది. 2002 ఎన్నికల తర్వాత ఈ కరెంటు బాధ్యత ఆర్థిక మంత్రిత్వం చేతిలోంచి ట్రిట్టిన్ చేతికి మారింది. అప్పట్లో ఆ దేశపు కరెంటులో పునరుత్పాదక వనరులన్నిటి వాటా కలిపినా పదో వంతు కూడా లేదు. 2023 నాటికి సగం దాటింది.

ఈ కథలో అందరూ దాటిపోయే ఒక వివరం ఉంది. 1998లో గ్రీన్లకు వచ్చిన ఓట్లు 6.7 శాతం, సీట్లు 47. ఆ 47లో ఒక్కటి కూడా నియోజకవర్గంలో గెలిచింది కాదు. 1983లో తొలిసారి జాతీయ పార్లమెంటులోకి అడుగుపెట్టిన ఆ పార్టీ, 2002లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియాన్ స్ట్రోబెలె గెలిచేదాకా ఏ ఒక్క నియోజకవర్గంలోనూ మొదటి స్థానంలో నిలవలేదు. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీకి పడిన ఓట్ల దామాషాలో సీట్లు వస్తాయి, దేశం మొత్తం మీద 5 శాతం దాటితే చాలు. మన పద్ధతే అక్కడ ఉండి ఉంటే ట్రిట్టిన్ మంత్రి కావడం అటుంచి, పార్లమెంటు మెట్లు కూడా ఎక్కేవారు కాదు. జర్మన్లకు పర్యావరణం మీద ప్రేమ ఎక్కువ, మనకు తక్కువ అన్న మాట చాలా చోట్ల వినపడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ 480 మందిని పోటీకి నిలిపిన జిల్లా గురించి ఆ మాట అనడం అన్యాయం. పట్టుదల రెండు చోట్లా ఉంది. లోపలికి వెళ్లే వాకిలి ఒక చోటే ఉంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. సమితి గెలవకపోయినా నీళ్లు వచ్చాయి కదా అంటారు. నిజమే, వచ్చాయి. ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టుకున్న ఎత్తిపోతల పథకం పానగల్ దాకా కృష్ణను తెచ్చింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు, ఫ్లోరైడ్ ఊళ్లలోకి నల్లా నీళ్లు వచ్చాయి. ఈ మేలు చిన్నది కాదు. కానీ తాగునీటి గొట్టం వేయడం ఒక పని, భూగర్భ జలాన్ని ఎంత తోడాలి, పాత చెరువుల్ని ఎలా నిలపాలి, మూసీలోకి ఏమి వదలాలి అన్నవి వేరే పనులు. పైలాన్ కట్టి పూర్తయిందని చెప్పగల పనులను పెద్ద పార్టీలు ఉద్యమాల నుంచి అందుకుంటాయి. ఏటేటా కాపలా కాయాల్సిన పనులను అందుకోవు, వాటికోసమే ఎన్నికైన మనిషి ఉంటే తప్ప. నల్లమల విషయం చూడండి. అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ మీద 2019లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతా కదిలింది, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అయితే అణు ఖనిజాలు కేంద్రం చేతిలోవి. తీర్మానం చట్టం కాదు. జర్మనీలో అణు వ్యతిరేకులకు చట్టం చేతికొచ్చింది.

మనకూ మంచి పర్యావరణ మంత్రులు వచ్చారు కదా అన్నది రెండో మాట. జైరాం రమేశ్ ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు, 2009లో ఆ శాఖ చేపట్టారు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విని 2010 ఫిబ్రవరిలో దాన్ని ఆపారు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలను అడ్డుకున్నారు. 2011 జులైలో శాఖ మారిపోయింది. ట్రిట్టిన్ శాఖను అంత తేలికగా మార్చడం ష్రోడర్‌కు సాధ్యపడేది కాదు, ఎందుకంటే ట్రిట్టిన్ వెనక ఉన్న ఓట్లు పర్యావరణం కోసమే పడ్డ ఓట్లు, ఆ ఓట్లు లేకపోతే ప్రభుత్వమే నిలవదు. మంత్రి మంచితనానికి ఆయుష్షు పోసేది ఆ బలం.

అధికారంలోకి వెళ్తే ఉద్యమం చప్పబడుతుందన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. 2001లో అణు వ్యర్థాలను గోర్లెబెన్‌కు తరలిస్తుంటే, అడ్డుకోవద్దని సొంత పార్టీ వాళ్లను కోరింది ట్రిట్టినే. ఏళ్లుగా పట్టాల మీద కూర్చున్నవాళ్లకు అది గుండె కోత. 2010లో మరో ప్రభుత్వం రియాక్టర్ల గడువును పొడిగించింది, ఫుకుషిమా ప్రమాదం తర్వాత 2011లో మళ్లీ వెనక్కి తగ్గింది. చివరి మూడూ 2023 ఏప్రిల్ 15న ఆగాయి. బొగ్గు కంటే ముందు అణు కేంద్రాలను మూయడం సరైనదేనా అన్న వాదన అక్కడ ఇంకా నడుస్తోంది, ఆ విమర్శలో బలం ఉంది. అయినా అది అధికారంలో ఉండి తీసుకున్న నిర్ణయం మీద జరిగే తగువు. ఫలానా వారిని అడగొచ్చు, ఫలానా వారిని ఓడించొచ్చు. నల్లగొండలో మూడు తరాల ఎముకలు వంగినందుకు ఎవరిని అడగాలో చెప్పగలవాళ్లు లేరు.

మన దగ్గర ఈ వాకిలి గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. నల్లగొండ బ్యాలెట్‌కు మూడేళ్ల తర్వాత, 1999లో, లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభకు నాలుగో వంతు సీట్లు అదనంగా చేర్చి, వాటిని పార్టీల జాబితాల నుంచి ఓట్ల దామాషాలో నింపాలని సూచించింది. అది కాగితం మీదే ఉండిపోయింది. అమలై ఉన్నా ఒక్క నల్లగొండ ఓట్లు చాలేవి కావు, ఆ సంగతి ఒప్పుకోవాలి. సమితి కార్యకర్తలు కృష్ణ దాటి పాత ప్రకాశం జిల్లా దర్శి, పొదిలి ఊళ్లకు వెళ్లాల్సి వచ్చేది. దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది ఆ ప్రాంతంలోనే. అక్కడి నుంచి అనంతపురానికి, ఇటు నల్లమల చెంచు పెంటలకు కూడా. జర్మనీలో అణు కేంద్రాన్ని ఎదిరించిన వీల్ ద్రాక్ష రైతులూ గోర్లెబెన్ పల్లెలూ ఒకే పార్టీకి ఓటేసింది అలాగే.