ఒకే ఊళ్లో రెండు జట్లు



"పక్కింటి అబ్బాయికి ఎన్ని మార్కులు వచ్చాయి?" ఈ ప్రశ్న పిల్లల్ని మనం ఎన్నిసార్లు అడిగి ఉంటాం! ఆ ప్రశ్న గుర్తుపెట్టుకుని ఈ ఊరి కథ చదవండి.

రష్యాలోని సైబీరియాలో, యెనిసెయ్ నది ఒడ్డున క్రాస్నోయార్స్క్ నగరం ఉంది. మాస్కో నుంచి రైలులో వెళ్తే 4,000 కిలోమీటర్లకు పైనే. అక్కడ 1969లో క్రాస్నీ యార్ అనే రగ్బీ క్లబ్ మొదలైంది. 1628లో ఆ చోట కట్టిన కోట పేరే క్లబ్‌కు పెట్టుకున్నారు. రగ్బీలో జట్టుకు 15 మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. వెనక ఉన్న తోటి ఆటగాడికి అందిస్తూనే జట్టంతా ముందుకు సాగాలి.

1975లో అదే ఊళ్లో రెండో క్లబ్ పుట్టింది. దాని ఇప్పటి పేరు యెనిసెయ్-ఎస్‌టీఎం. క్రాస్నీ యార్ 1990, 1991లో సోవియట్ ఛాంపియన్ అయింది. తర్వాత యెనిసెయ్ కూడా రష్యా ఛాంపియన్‌గా ఎదిగింది. 2017-18 సీజన్‌లో రెండు జట్లూ యూరప్ ఛాలెంజ్ కప్‌లో ఆడాయి. అంతకు ముందు సీజన్‌లో ఆ కప్ గెలిచిన పారిస్ జట్టు స్టాడ్ ఫ్రాన్సేను క్రాస్నీ యార్ ఓడించింది!

పక్కనే గట్టి ప్రత్యర్థి ఉంటే రోజూ మెరుగుపడక తప్పదు. అది పోటీ. పిల్లల్ని చిన్నబుచ్చేది పోలిక. అందుకే ఈసారి "వాడికెన్ని?" అనకుండా, "వాడి దగ్గర ఏం నేర్చుకున్నావు?" అని అడిగి చూడండి.