ఫైలు ఎచ్చట నున్నది?

మొన్న ఒక సాయంకాలము, ప్రసారమునకు నలుబది నిమిషముల ముందు, ఒక ప్రసంగపు రికార్డింగు మాకు కనబడలేదు. రికార్డు చేసిన మాట నిజము. కంప్యూటరులో దాచిన మాటయు నిజము. ఏ పేరుతో, ఏ డైరెక్టరీలో దాచితిమో ఎవరికిని జ్ఞాపకము లేదు. ఒక్కొక్కటి తెరచి చూచుచు కూర్చున్నచో ప్రసారవేళ దాటిపోవును. అప్పుడు మాకు అక్కరకు వచ్చిన ఒక చిన్న ఆజ్ఞను గూర్చి నేడు ముచ్చటింతుము.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ వ్యవస్థను నిర్మింప నారంభించిరి. అందు ఫైళ్లన్నియు చెట్టువలె అమరియుండును. వేరు ఒక్కటే, కొమ్మలు, రెమ్మలు అనేకములు. 'ఫైండ్' అను ఆజ్ఞ మనము చూపిన కొమ్మనుండి బయలుదేరి ప్రతి రెమ్మను తడవి చూచును. నేటి లినక్స్, మాక్ కంప్యూటర్లలోను ఇది కలదు.

వ్రాయు తీరు సులభము. మొదట 'ఫైండ్', పిదప వెదకవలసిన చోటు, ఆపైన ఆనవాలు. పేరు తెలిసినచో అడ్డగీతతో 'నేమ్' అని వ్రాసి, ఆ పేరు నీయవలెను. కొంతయే తెలిసినచో మిగిలినదానికి బదులుగా నక్షత్రపు గుర్తు నుంచి, పేరునంతను కొటేషను గుర్తుల నడుమ వ్రాయవలెను. లేనిచో ఆజ్ఞను ముందుగా అందుకొను 'షెల్' ఆ నక్షత్రమునకు తానే అర్థము చెప్పి, ఫైండునకు వేరొక మాట నందింపవచ్చును. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరముల భేదము పాటింపవలదన్నచో 'ఐనేమ్' అనవలెను.

మాకు పేరే తెలియదు గదా! కాని రికార్డు చేసి వారము దాటలేదని తెలియును. 'ఎంటైమ్' అని వ్రాసి, మైనస్ గుర్తుతో 7 చేర్చితిమి. ఏడు దినములలో మార్పు చెందిన ఫైళ్ల పేర్లు వరుసగా వచ్చినవి. మా ప్రసంగము వక్త యింటిపేరుతో అందు దాగియుండెను. కార్యక్రమము వేళకే ప్రసారమైనది.

'లొకేట్' అను మరియొక ఆజ్ఞ కలదు. అది చెట్టును తడవదు. ముందే సిద్ధపరచిన పట్టికను చూచి క్షణములో చెప్పును. ఆ పట్టిక సాధారణముగా దినమున కొకసారి తయారగును గావున, ఈ ఉదయము దాచిన ఫైలు దానికి తెలియకపోవచ్చును. గ్రంథాలయమునకు క్రొత్తగా వచ్చిన పుస్తకము కేటలాగున కెక్కకుండుట వంటిదే ఇది. ఇక పేరు గాక, లోపలి వ్రాతలోని మాటను వెదకుటకు 'గ్రెప్' కలదు.

ఒక్క హెచ్చరిక. కనబడిన ఫైళ్లను చెరిపివేయుటకు ఫైండునకు 'డిలీట్' అను మాట జోడింపవచ్చును. ఫైండు ఎడమనుండి కుడికి చదువును. 'డిలీట్' ముందు, పేరు వెనుక వ్రాసినచో పేరును చూడకయే ఆ కొమ్మలోని సమస్తమును చెరిపివేయును. అట్లు పోయినవి చెత్తబుట్టలోనికి చేరవు. కనుక మొదట ఆ మాట లేకుండ నడిపి, వచ్చిన పట్టికను కన్నులార చదువుకొనుడు. అందు మీ పిల్లల ఛాయాచిత్రములు ఉండవచ్చును.