కట్టు మార్చు వేళ

కాలిన గాయముతో ఆస్పత్రిలో చేరిన బిడ్డకు కాలిన క్షణమొక్కటే బాధ కాదు. పుండు మానువరకు మాటిమాటికి కట్టు మార్చు ఘడియ వచ్చుచునే యుండును. మరుగుచున్న గంజి ఒలికియో, పొయ్యి మంట గౌనుకు అంటుకొనియో గాయపడిన ఐదారేండ్ల పిల్లకు నర్సమ్మ సెలైనుతో ఎంత తడిపినను గాజుగుడ్డ పుండును విడువదు. అంచునుండి కొద్దికొద్దిగా ఊడదీయుచుండగా పిల్ల కెవ్వుమనును, పట్టుకొనియున్న తల్లి మొగము తిప్పుకొనును. మరునాడు ట్రే చప్పుడైనంతనే, ఎవరును ముట్టకమునుపే, ఏడ్పు మొదలగును. ఆ భయము నొప్పిని ఇనుమడింపజేయును. మందులు తప్పక ఈయవలసినవే. కాని మోతాదు పెంచినకొలది మత్తు కమ్ముట, శ్వాస మందగించుట అను చిక్కులు పొంచియుండును.

ఈ సంకటమునకు అమెరికాలోని సియాటిల్ నగరమున, వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ప్రభృతులు కల్పితలోకమును కన్నులకు కట్టించు వర్చువల్ రియాలిటీని సాధనముగా యోచించి, కాలిన గాయములు గల ఇద్దరు కిశోరుల అనుభవమును 2000లో ‘పెయిన్’ అను వైద్యపత్రికయందు ప్రకటించిరి: మామూలు వీడియో ఆట ఆడినప్పటికంటె ఈ సాధనము ధరించినప్పుడు వారికి బాధ మిక్కిలి తగ్గెను. పిమ్మట రూపొందిన ‘స్నోవరల్డ్’ అను ఆటలో రోగి మంచులోయ గుండా తేలిపోవుచు పెంగ్విన్ పక్షులపై మంచుముద్దలు విసరును, నిప్పుచే కాలినవారికి చల్లని లోకమును చూపవలెనన్నది వారి ఊహ. 2004లో ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలో, నొప్పికి సంబంధించిన మెదడు భాగముల చలనము సైతము తగ్గుట స్కానులో కానవచ్చెను.

తలకు తగిలించుకొను ఆ పరికరములో రెండు కటకములు, వాని ముందు తెర యుండును. రెండు కండ్లకు రవంత భేదము గల రెండు బొమ్మలు చూపుటచే లోతు తోచును. తల తిరిగిన దిక్కునకే దృశ్యమును తిరుగును. పుండు, ట్రే, కత్తెర చూపునుండి తొలగుటయే గాక, పిల్ల తానే ఒక పనిలో లీనమగును. మనస్సు యొక్క అవధానము మన కాలువ నీరువంటిది: ఎగువ తూములన్నియు తెరచినచో శివారు పొలమునకు అందునది స్వల్పము, ఆట లాగికొన్నకొలది నొప్పికి మిగులునది తగ్గును. రక్తము తీయుట, సూది గుచ్చుట వంటి పనులకును పలుదేశముల పిల్లల ఆస్పత్రులు దీనిని వాడుచున్నవి.

మన బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. గుడివాడ, అవనిగడ్డలలో ప్రభుత్వాస్పత్రులు కలవు. దివిసీమలోని ఎదురుమొండి దీవినుండి పంటు దాటి, నాగాయలంక, అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు చేరు బిడ్డకు ఈ ఊరట అందుటయే న్యాయము. అయితే దివిసీమ పిల్ల మంచును ఎన్నడును చూచి యుండదు. ఆమెకు పెంగ్విన్‌తో ఏమి పని? హంసలదీవి వద్ద కృష్ణ సముద్రమున కలియు చోటు, మడ అడవుల వేళ్ల నడుమ పొంచియున్న బావురుపిల్లి, అలలపై ఊగు పడవ, తెలుగు మాట—ఇవి చాలును. అట్టి లోకమును మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు నిర్మింపలేరా? ఈ పని ఇంతవరకు ఇచ్చట జరుగవలసినంత జరుగలేదనియే నా మనవి.

జాగ్రత్తలును కలవు. కొందరికి తల తిరుగును, వాంతి వచ్చును; మూర్ఛలు వచ్చు పిల్లలకు వైద్యుని అనుమతి లేనిదే తగిలింపరాదు; పరికరపు బరువు పసిమెడకు భారము కాకూడదు; ముఖము కాలినవారికి అది పనికిరాదు; ఒకరినుండి ఒకరికి మార్చునపుడు శుభ్రపరుపకున్న అంటు వ్యాపించును. నొప్పిమందు మానివేయుటకు ఇది మిష కారాదు. తల్లి చేయి పట్టుకొని కూర్చుండవలసినదే.

తలిదండ్రుల పేర ఆస్పత్రులకు ఫ్యాన్లు, బల్లలు ఇచ్చు దాతలు, అమెరికాలో స్థిరపడిన గుడివాడ, దివిసీమ బిడ్డలు ఇకమీదట ఒక పరికరమును, దానిని వాడుటలో ఒక నర్సమ్మకు ఇచ్చు శిక్షణ వ్యయమును కూడ చేర్చి ఇత్తురని కోరుచున్నాను.