పాలిచ్చు తల్లుల రొమ్ము గడ్డలు

గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో శీతకాలము మొదలు వేసవి వరకు స్త్రీల చేతికి తీరిక ఉండదు. పత్తి తీత ముగియక మునుపే మిరప కోత వచ్చిపడును. నెలల పసిబిడ్డను ఇంటి ముసలమ్మకు అప్పగించి తెల్లవారుజామున పొలమునకు పోవు తల్లులు ఎందరో కలరు. వారిలో కొందరికి వచ్చు రొమ్ము గడ్డను గూర్చి పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి. ఇది ఆడవారి విషయము, మనకేల అని తలపవలదు. ఈ బాధకు మూలము పలుమార్లు పని ఏర్పాటులోనే ఉన్నది. దానిని సవరించుట సభ్యులకు సాధ్యమైన పని.

గడ్డ ఎట్లు ఏర్పడును?

బిడ్డ త్రాగుకొలది రొమ్మున పాలు ఊరుచుండును. బిడ్డ పగలెల్ల దూరమైనచో ఆ పాలు లోపలనే నిలిచిపోవును. రొమ్ము బిగిసి, ఒకచోట గట్టిపడి, ఎఱ్ఱబారి సలుపును, చలిజ్వరము వచ్చును. చనుమొన పగిలి ఉన్నచో ఆ పగులు గుండా సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించును. చికిత్స ఆలస్యమైన కొలది అచ్చట చీము చేరి గడ్డయగు భయము పెరుగును. పాలు నిలిచిపోవుట, సూక్ష్మజీవులు సోకుట అను రెండే దీనికి ప్రధాన కారణములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000వ సంవత్సరపు నివేదికలో తెలిపినది. దిష్టి తగులుట వలన ఇది రాదు. ప్రసవమైన మొదటి 12 వారములలో దీని బెడద ఎక్కువ.

మొదట చేయవలసినవి

వాపు కనబడగానే బిడ్డకు పాలు మాన్పించుట పలువురు చేయు పొరపాటు. పాలు మాన్పినచో అవి మరింత నిలిచి వ్యాధి ముదురును. ఈ వాపు గల రొమ్ము పాలు త్రాగుట వలన సాధారణముగా బిడ్డకు హాని లేదు. కనుక బిడ్డ కోరినప్పుడెల్ల పాలీయవలెను. హెచ్.ఐ.వి. సోకిన తల్లి మాత్రము ఆ రొమ్ము పాలు ఈయక, వెంటనే వైద్యుని సలహా పొందవలెను. చల్లని తడిగుడ్డ వేసినచో పోటు తగ్గును. గడ్డను గట్టిగా పిసుకరాదు. సున్నము, ఆకుపసరులు పూయరాదు.

రొమ్ముకు మల్లెపూలు కట్టు ఆచారము మన ప్రాంతమున కలదు. అది పాలు తగ్గించుటకై ఏర్పడిన పద్ధతియే గాని, చీమును పోగొట్టు మందు కాదు.

జ్వరము, నొప్పి ఒక దినములో తగ్గనిచో ఏ.ఎన్.ఎం. లేక ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. తల్లి మిక్కిలి నీరసించినచో ఒక దినమైనను ఆగరాదు. వైద్యుడు వ్రాసిన యాంటీబయాటిక్ మందులను, జ్వరము తగ్గినదని మధ్యలో మానక, చెప్పినన్ని దినములు వాడవలెను. మందులు మొదలిడిన 48 గంటలలో గుణము కనబడనిచో చీము చేరినదేమో పరీక్షింపవలెను.

చీము చేరిన తరువాత

చీము చేరిన పిమ్మట మందులు మాత్రమే చాలవు. చీమును వెలికి తీయవలెను. అల్ట్రాసౌండ్ పరీక్షతో గడ్డ ఉన్న చోటు తెలిసికొని వైద్యులు సూదితో చీము లాగుదురు. ఒక్కసారితో తీరనిచో మరల తీయుదురు. గడ్డ పెద్దదైనచో మత్తునిచ్చి చిన్న గాటు పెట్టుదురు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో శస్త్రవైద్యులు కలరు. ఇంటివద్ద బ్లేడుతో గాని, కాల్చిన సూదితో గాని గడ్డను కోయుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. చికిత్స జరుగుచుండగనే రెండవ రొమ్మున పాలీయవచ్చును; గడ్డ ఉన్న రొమ్మున ఇచ్చుటను గూర్చి వైద్యుడు చెప్పును. చీము తీసిన తరువాతను గడ్డ కరగనిచో తప్పక మరల చూపించవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యమును, స్త్రీ శిశు అభివృద్ధిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోట ఐదుగురు లేక అంతకు మించి పసిపిల్లలున్నచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని నిర్దేశించినది. ఈ పద్ధతినే మిరప చేలలోను, కళ్లములలోను అనుసరింపవచ్చును. కోతలకు ముందే రైతులను, మేస్త్రీలను సమావేశపరచి ఈ క్రింది ఏర్పాట్లు చేయింపుడు.

పొలము గట్టున నీడ, ఉయ్యాల, బిడ్డలను చూచుటకు ఒక స్త్రీ ఉండవలెను. పాలిచ్చు తల్లికి కూలి కోయకుండ విరామము ఈయవలెను. నీరు, సబ్బు, కొంచెము నూనె అందుబాటులో ఉంచవలెను. మిరప కారము వట్టి నీటితో పోదు. చేతులకు నూనె రాచి సబ్బుతో కడిగిన తరువాతనే తల్లి బిడ్డను ఎత్తుకొనవలెను. పురుగుమందు చల్లిన చేలలో పనిచేసిన వారు చీర కూడ మార్చుకొనుట మేలు.

కర్నూలు ప్రాంతము నుండి మిరప కోతలకు కుటుంబములతో వచ్చి గుడారములలో నివసించు తల్లులను మరువరాదు. మన ఊరి ఏ.ఎన్.ఎం. ఎవరో, ఆసుపత్రి ఎచ్చటనో వారికి తెలియదు. వారు వచ్చిన వారములోనే ఆశా కార్యకర్తను గుడారములకు పంపుడు. అత్యవసరమైనప్పుడు 108 వాహనమును పిలుచు విధము తెలుపుడు. వారు మన ఓటర్లు కాకపోవచ్చును గాని, మన పంట కోయు చేతులు వారివి. జ్వరముతో గుడారమున పడియున్న తల్లిని రెండవ దినముననే ఆసుపత్రికి చేర్చిన పంచాయతీ తల్లిని, బిడ్డను ఇరువురను కాపాడినదగును.